రెండోది ఉందిగా!

మా వంటింట్లో గ్యాసు బండలు రెండు. మీ ఇంట్లోనూ రెండే ఉంటాయనుకుంటాను. ఒకటి పొయ్యికి తగిలించి ఉంటుంది. రెండోది తలుపు వెనకాల నిలబడి, పిలిస్తే వస్తానన్నట్టు చూస్తూ ఉంటుంది. ఆ రెండోదాన్ని చూసుకుని మనకి ఎంత ధైర్యమో!

నిరుడు మాఘమాసంలో మా ఆడపడుచు, వాళ్ళ మరిదిగారి కుటుంబం కలిసి పన్నెండుమంది భోజనానికి వచ్చారు. పప్పు సగం ఉడికేసరికి పొయ్యి ఆరిపోయింది.

"రెండోది ఉందిగా!" అన్నారు మావారు పేపరు మడవకుండానే.

ఉండటానికి ఉంది. తీరా లాగి చూస్తే తాటాకు బుట్టలా తేలిగ్గా లేచి వచ్చింది. నెలరోజుల క్రితం ఆ బండ అయిపోయినప్పుడు మార్చింది మావారే. కొత్తదానికి నేను బుక్ చేశాననుకున్నారు ఆయన. ఆయన చేశారనుకున్నాను నేను. పొయ్యి మాత్రం శుభ్రంగా వెలుగుతూనే ఉంది కనక ఇద్దరికీ అనుమానం రాలేదు. ఆ పూట పక్కింటివాళ్ళ కరెంటు పొయ్యి మా పరువు కాపాడింది. తరవాత అందరం నవ్వుకున్నాం. నవ్వుకుని మరిచిపోయాం.

మరిచిపోకుండా ఉంటే బాగుండేది. శ్రావణమాసంలో అదే తప్పు నేను ఆఫీసులో చేశాను.

నేను మా ఊళ్ళో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. మెడికల్ రికార్డుల సెక్షన్. పాత బ్లాకులో మొదటి అంతస్తు. మా సెక్షన్ పక్కన ఒక చిన్న గది ఉంది. అందులో గోడకి ఒక ఇనప బీరువాలాంటిది, దాన్నిండా తీగలు, మధ్యలో రెండు నల్ల పెట్టెలు. మిగిలిన జాగాలో మా పాత కేసుషీట్ల కట్టలు. అంచేత ఆ గది తాళం నా దగ్గరే ఉంటుంది.

ఆ పెట్టెల్ని స్విచ్చి లంటారు. స్విచ్చి అంటే మనం గోడమీద టక్కున నొక్కేది కాదండోయ్. పీట అంత మందాన ఉండే పెట్టె. ముఖాన వరసగా కన్నాలు, కన్నానికో తీగ, తీగకో పచ్చని మిణుగురు దీపం. లోపల పంకాలు తిరుగుతూ ఉంటాయి. ఆ గది తలుపు తీస్తే రెండు తుమ్మెదలు కూడబలుక్కుని రొదపెడుతున్నట్టు ఉండేది.

ఆషాఢమాసం చివర్లో ఒకరోజు కేసుషీట్ల కోసం తలుపు తీశాను. తుమ్మెద ఒకటే వినిపించింది. చూస్తే పై పెట్టెకి దీపాలు లేవు. చల్లారిన కుంపటిలా ఉంది. కింది పెట్టె మాత్రం పచ్చగా కళ్ళార్పుతోంది. మా కంప్యూటర్లన్నీ బాగానే నడుస్తున్నాయి.

"రెండోది ఉందిగా! చూసుకునేవాళ్ళు చూసుకుంటారు" అనుకున్నాను. కట్ట తీసుకుని, తాళంవేసి వచ్చేశాను.

మూడు వారాలు గడిచాయి. సోమవారం పొద్దున్న, ఓపీ కిటకిటలాడే వేళ, కరెంటు హెచ్చుతగ్గులకి ఆ కింది పెట్టె కూడా కాలిపోయింది. పాత బ్లాకు నాలుగంతస్తుల్లోనూ కంప్యూటర్లు ఒక్కసారి బిగుసుకుపోయాయి. తెరలు వెలుగుతున్నాయి, కాని ఏది నొక్కినా పలకదు. బిల్లుల కౌంటరు దగ్గర జనం అరుస్తున్నారు. అదేం పెద్ద విషయం కాదు. జనం ఎప్పుడూ అరుస్తూనే ఉంటారు.

పెద్ద విషయం సెల్లారులో జరిగింది. మా ల్యాబు అక్కడుంది. మూడో అంతస్తు వార్డులో ఉన్న ఒక పెద్దాయన రక్తపరీక్ష రిపోర్టు సిద్ధమైంది. పొటాషియం 6.8. అది 5 దాటితేనే డాక్టర్లు కనుబొమలు ముడుస్తారు. అంత పెరిగితే గుండె ఏ క్షణాన్నయినా లయ తప్పవచ్చు. మామూలుగా అయితే ఆ అంకె డాక్టరుగారి తెరమీద ఎర్రగా కనిపిస్తుంది. ఆ రోజు కనిపించలేదు. కంప్యూటరు లేకపోతే ఫోను చెయ్యాలని రూలు. ఫోను తీస్తే అదీ మూగదే. ఎందుకంటే కొత్తగా పెట్టిన ఆ ఫోన్లు కూడా అదే పెట్టె గుండా వెళతాయి. సెల్‌ఫోనుకి సెల్లారులో సిగ్నలు రాదు.

ల్యాబు కుర్రాడు కాసేపు ఇదుగో వస్తుంది, అదుగో వస్తుందని చూశాడు. చివరికి అంకె చీటీమీద రాసుకుని మెట్లెక్కి పరిగెత్తాడు. అప్పటికి 40 నిమిషాలు ఆలస్యమైంది. దేవుడి దయవల్ల డాక్టరుగారు అక్కడే ఉన్నారు, ఇంజక్షన్లు పడ్డాయి, పెద్దాయన గట్టెక్కాడు.

మర్నాడు ఆయన భార్య ఏదో కాగితం కోసం నా దగ్గరికే వచ్చింది. "ఆ కుర్రాడు దేవుడిలా పరిగెత్తుకొచ్చాడమ్మా, నువ్వు కనిపిస్తే చెప్పు, వాడు చల్లగా ఉండాలి" అంది. నా చేతిలో ఆ గది తాళంచెవి ఉంది. నాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి అన్నం సయించలేదు. హైదరాబాదులో మా చెల్లెలి కొడుకుది ఈ తీగల ఉద్యోగమే. వరలక్ష్మీవ్రతానికి ఇంటికొచ్చినవాణ్ణి పట్టుకుని అడిగాను. "ఒరేయ్, రెండు పెట్టెలు పెట్టారు కదా, ఒకటి పోతే రెండోది ఉండాలనేగా పెట్టింది? మరి ఇలా ఎందుకైందిరా?"

"పెద్దమ్మా, ముందు నీకు పోస్టాఫీసు తెలుసు కదా" అని మొదలుపెట్టాడు వాడు. పల్లెల్లో బ్రాంచి పోస్టాఫీసులుంటాయి. అక్కడ పోగైన ఉత్తరాలు ఊళ్ళో సబ్ పోస్టాఫీసుకి వస్తాయి. అక్కణ్ణించి హెడ్ పోస్టాఫీసుకి వెళతాయి. ఆస్పత్రి నెట్‌వర్కు కూడా అలాంటిదే. అంతస్తుకో చిన్న స్విచ్చి, అది బ్రాంచాఫీసు. కొత్త బ్లాకులో సర్వర్ల దగ్గరున్నది హెడ్డాఫీసు. మా పక్కగదిలోవి మధ్యవి, డిస్ట్రిబ్యూషన్ స్విచ్చిలు. సబ్ పోస్టాఫీసు మూతపడితే పల్లెల్లో బ్రాంచాఫీసులన్నీ తెరిచే ఉంటాయి, గుమాస్తాలు కూచునే ఉంటారు, ఒక్క ఉత్తరం మాత్రం ఊరు దాటదు. మాకు జరిగింది అదే. అంతస్తులో పెట్టె పోతే ఆ అంతస్తే పోతుంది. మధ్య పెట్టె పోతే బ్లాకంతా పోతుంది. అందుకే మధ్యవాటిని జంటగా పెడతారు. కింద ఒక్కో చిన్న పెట్టెనించీ రెండేసి తీగలు, ఒకటి ఈ మధ్య పెట్టెకి, ఒకటి ఆ మధ్య పెట్టెకి.

"రెండేసి తీగలు వేస్తే సరిపోయిందన్నమాట" అన్నాను.

"అక్కడే చిక్కు. రెండు దారులుంటే చుట్టు తిరిగే దారి ఏర్పడుతుంది" అన్నాడు.

మీకు అర్థం కావాలంటే మా వీధి కుళాయి సంగతి చెప్పాలి. నేను ఒక మాట ఇటు పక్కింటావిడకీ అటు పక్కింటావిడకీ చెప్పాననుకోండి. ఆవిడ ఈవిడకి చెబుతుంది, ఈవిడ ఆవిడకి చెబుతుంది, ఇద్దరూ వచ్చి కొత్తమాటలాగా మళ్ళీ నాకే చెబుతారు. నేను ఆశ్చర్యపోయి మళ్ళీ ఇద్దరికీ చెబుతాను. మనుషులం కనక ఎక్కడో ఒకచోట అలిసిపోతాం. ఈ పెట్టెలు అలిసిపోవు. "అందరూ వినండి" అని వచ్చిన కబురు ఒక్కటి ఆ చుట్టులో పడితే క్షణాల్లో లక్షలుగా పెరిగి దారులన్నీ మూసేస్తుంది. దాన్ని వీళ్ళు తుపాను అంటారట. బాగుంది పేరు.

ఈ చిక్కు విప్పింది ఎవరనుకున్నారు? ఒక ఆడది! రాడియా పెర్ల్‌మన్ అని అమెరికాలో ఒకావిడ, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తూ 1985లో ఆ పద్ధతి కనిపెట్టింది. పెట్టెలన్నీ తమలో తాము మాట్లాడుకుని ఒకదాన్ని పెద్దగా ఎన్నుకుంటాయి. అక్కణ్ణించి చెట్టు కొమ్మల్లా దారులు లెక్కకట్టుకుంటాయి. ఏ రెండు కొమ్మలూ మళ్ళీ ఎక్కడా కలవవు. చుట్టు ఏర్పరిచే తీగని నోరుమూసుకు కూచోమంటాయి. వాడుకలో ఉన్న తీగ తెగితే ఆ మూసిన తీగ నోరు తెరుస్తుంది. స్పానింగ్ ట్రీ అంటారు దాన్ని. ఆవిడ ఆ పని వారంలోపే ముగించి, మిగిలిన రోజుల్లో దానిమీద ఒక పద్యం కూడా రాసిందని మావాడు చెబితే నాకెంత ముచ్చటేసిందో! ఆవిణ్ణి ఇంటర్నెట్ తల్లి అంటే ఆవిడకి నచ్చదుట. నేనూ అననులెండి.

ఆ పాత పద్ధతిలో మూసిన తీగ తెరుచుకోవటానికి 30 నుంచి 50 సెకన్లు పట్టేది. 2001లో దాన్ని సవరించి, మామూలుగా ఒకటి రెండు సెకన్లలో అయ్యేటట్టు చేశారు. ఇప్పుడు ఇంకో ఏర్పాటు కూడా ఉంది. మధ్యనున్న జంట పెట్టెలు రెండూ కూడబలుక్కుని, కింది పెట్టెలకి ఒకే పెట్టెలాగా కనపడతాయి. అప్పుడు ఏ తీగా ఖాళీగా కూచోనక్కర్లేదు, రెండూ బరువు మోస్తాయి.

"అయితే ఒక నియమం ఉంది పెద్దమ్మా. రెండూ మోస్తున్నాయి కదా అని ఒక్కోదానిమీద సగానికి మించి బరువు పెట్టకూడదు. ఒకటి పడిపోయిన రోజున రెండోది మొత్తం మొయ్యాలి కదా."

మా అత్తగారు పడక్కుర్చీలోంచి అందుకున్నారు. "అంతేగా మరి! ఇద్దరు కోడళ్ళున్న ఇంట్లో ఇద్దరి చేతా ఊపిరాడనంత పని చేయిస్తే, ఒకత్తి పురిటికి పుట్టింటికి వెళ్ళిన్నాడు రెండోది మంచం పడుతుంది." నేను ఆవిడ వంక చూశాను. నేను ఒక్కత్తినే కోడల్ని. ఆవిడ కిటికీలోంచి బయటికి చూశారు.

రెండేసి తీగలు, రెండేసి పెట్టెలు ఎన్ని పెట్టుకుంటే అంత క్షేమం కదా అనిపిస్తుంది. కాదుట. 2002 నవంబరులో బోస్టన్ నగరంలో బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ అనే పెద్ద ఆస్పత్రికి ఇదే గండం వచ్చింది. అక్కడ కాలిపోయిన పెట్టె ఏదీ లేదు. ఏళ్ళతరబడి అవసరమైనప్పుడల్లా ఇక్కడో పెట్టె, అక్కడో తీగ తగిలించుకుంటూ పోయారు. ఆ చెట్టు లెక్క ఏడంచెల లోపల ఉంటేనే నమ్మకంగా నడుస్తుంది. వాళ్ళది అది దాటిపోయింది. ఒకరోజు కబుర్ల ఒత్తిడి పెరిగి ఆ లెక్క తప్పింది, తుపాను లేచింది. నాలుగు రోజులపాటు అంత పెద్ద ఆస్పత్రీ కాగితాలమీద నడిచింది. మందుచీటీ చేత్తో రాసి ఎరగని కుర్రడాక్టర్లకి పెద్దవాళ్ళు నేర్పాల్సి వచ్చిందట. ఆ ఆస్పత్రివాళ్ళని మెచ్చుకోవాలి. జరిగింది దాచకుండా అందరికీ చెప్పారు, మరొకరికి రాకూడదని.

దాచకుండా అన్న మాట దగ్గర నాకు చురుక్కుమంది. మర్నాడే మా అడ్మినిస్ట్రేటరుగారి గదికి వెళ్ళి, మూడు వారాలముందే చూశానని, చెప్పలేదని చెప్పేశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ఆ పెట్టె ఆగిపోతే ఎవరికి తెలియాలో మేమూ ఏర్పాటు చెయ్యలేదు మేడం. తాళం మీ దగ్గరుంది కనక కొత్తవి పెట్టేటప్పుడు మీరు దగ్గరుండండి" అన్నారు. తిట్టినా బాగుండేది.

కొత్త పెట్టెలు వచ్చాయి. కంట్రాక్టరు మనిషి రెండూ పైనా కిందా బిగించాడు. ఒక్కో పెట్టెకీ కరెంటు తీసుకునే ముక్కులు రెండేసి. అంటే నాలుగు తీగలు. నాలుగూ తీసుకెళ్ళి ఒకే యూపీఎస్ పలకలో గుచ్చాడు. మావాడితో మాట్లాడి ఉండకపోతే నాకూ అది చక్కగానే కనిపించేది.

అంతకు ముందురోజే ఈ ముచ్చట ఇంట్లో జరిగింది. రెండు పెట్టెలూ ఒకే కరెంటుమీద, రెండు తీగలూ ఒకే గొట్టంలో ఉంటే అవి రెండు కాదు, ఒకటే అన్నాడు మావాడు. దానికి మా అత్తగారు చెప్పింది వినండి. "మా రోజుల్లో ఫ్రిజ్జులెక్కడివి? తోడు పెరుగు రెండు గిన్నెల్లో దాచుకునేవాళ్ళమా? రెండూ ఒకే ఉట్టిమీద పెడితే పిల్లి ఒకేసారి రెండూ తాగిపోతుంది. మన తోడు పక్కింటావిడకి ఇచ్చేవాళ్ళం. మనది విరిగిన్నాడు వెళ్ళి ఆవిణ్ణడిగి తెచ్చుకునేవాళ్ళం." మావాడు ఆవిడకి దణ్ణం పెట్టాడు. మా మేనేజరుకి ఈ మాట చెబుతానన్నాడు.

అంచేత కంట్రాక్టరుతో నేను తోడు పెరుగు గురించి కాదుగాని, ఒక పెట్టెకి రెండు ముక్కులుంటే ఒకటి ఒక యూపీఎస్‌కి, ఒకటి వేరే యూపీఎస్‌కి వెళ్ళాలని పట్టుబట్టాను. కొత్త బ్లాకుకి వెళ్ళే ఫైబరు తీగలు కూడా ఒకటి మెట్లపక్క గొట్టంలోంచి, ఒకటి లిఫ్టు వెనకాల గొట్టంలోంచి వేయించారు. ఎలక తింటే ఒకటే తింటుంది. పెట్టె ఆగిపోతే ఇద్దరు మనుషుల సెల్‌ఫోన్లకి కబురు వచ్చేట్టు పెట్టారు. ఆ కబురు ఆస్పత్రి తీగలమీద కాకుండా విడిగా సెల్‌ఫోను దారిలో వెళ్ళాలి. "చావు కబురు చచ్చినవాడే మోసుకురాలేడు కదా పెద్దమ్మా" అన్నాడు మావాడు. ల్యాబుకి ఒక మామూలు టెలిఫోను లైను విడిగా పెట్టించారు. పాతకాలపు నల్ల ఫోనులాంటిదే. ఎవరూ దాన్ని చిన్నచూపు చూడటం లేదు.

అన్నీ అయ్యాక ఇక పరీక్ష. బాగా నడుస్తున్న పెట్టె కరెంటు మనమే లాగెయ్యాలి. కంట్రాక్టరుకి అది అశుభంగా తోచింది. "నడిచేదాన్ని ఎందుకు కదపటం మేడం? రెండోది ఉందిగా!" అన్నాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు ఝల్లుమంది.

ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి, వార్డుల్లో అందరికీ ముందుగా చెప్పి, కాగితాలు సిద్ధంగా ఉంచి, పై పెట్టె కరెంటు లాగించాం. అంతస్తుకొకరు తెర ముందు కూచున్నారు. మొదటి అంతస్తు నడిచింది. సెల్లారు నడిచింది. రెండో అంతస్తు బిగుసుకుపోయింది! వెతికితే, ఆ అంతస్తునించి వచ్చే రెండు తీగలూ పై పెట్టెలోనే ఉన్నాయి. గీసిన బొమ్మలో రెండు గీతలు రెండు పెట్టెలకీ వెళ్ళాయి. గోడలో మాత్రం రెండూ ఒకే గూటికి చేరాయి. ఆ పొద్దున్న లాగి చూడకపోతే ఏ సోమవారమో అది తనంతట తనే బయటపడేది, మెట్లమీద మళ్ళీ ఏ కుర్రాడో పరిగెత్తాల్సి వచ్చేది.

తీగ మార్చి మళ్ళీ లాగాం. తెరమీద అంకెలు ఆగాయి. ఒకటి, రెండు అని మనసులో లెక్కపెట్టుకున్నాను. మూడు అనేలోపల మళ్ళీ కదిలాయి. పైనించి ఎవరో "వచ్చేసిందండీ!" అని కేకపెట్టారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కంట్రాక్టరు చూస్తాడని కేసుషీట్ల వైపు తిరిగాను.

ఇప్పుడు మూడునెలలకోసారి ఆదివారంపూట అలా లాగి చూస్తున్నారు. నేను రోజూ పొద్దున్న సెక్షన్‌కి వెళ్ళగానే ముందు ఆ తలుపు దగ్గర ఒక్క నిమిషం నిలబడతాను. రెండు తుమ్మెదలూ వినిపిస్తే అప్పుడు సంచీ బల్లమీద పెడతాను. సెల్‌ఫోనుకి కబురు వచ్చే ఏర్పాటు ఉందని తెలుసు. అయినా నా చెవులూ ఉన్నాయి కదా.

ఇంట్లో గ్యాసు బండ మెడకి ఒక చీటీ దారంతో కట్టాను. మార్చిన తేదీ, బుక్ చేసిన తేదీ, చేసినవాళ్ళ పేరు. మావారు మొదట్లో నవ్వారు. ఇప్పుడు ఆయనే నింపుతున్నారు.

నిన్న సాయంత్రం, "కాఫీపొడి డబ్బా ఖాళీ అయిందోయ్" అన్నారు ముందుగదిలోంచి. నాలిక చివరిదాకా వచ్చేసింది, "రెండోది ఉందిగా!" అని. ఆ మాట మింగేసి, స్టూలెక్కి, పై అలమరలో డబ్బా దింపి, మూత తీసి చూశాను.